నోట్లో మాత్ర, చేతిలో బైబిలు: గుంటూరులో ఒక చిన్నోడి కేసు

మత్తుకి అలవాటుపడ్డ ఒక కుర్రాడి కేసు ఇది. రాయమని అడిగింది మా డాక్టరుగారు కాదు, ఆ అబ్బాయి వాళ్ళమ్మ. "మాలాంటి తల్లులు రాత్రిపూట నిద్ర పట్టక ఫోన్లో ఇవే వెతుక్కుంటుంటారు మేడం, రాయండి" అంది. రాశాక తల్లీకొడుకులిద్దరికీ చదివి వినిపించాను. ఒకచోట అబ్బాయి "ఇది వద్దు" అన్నాడు, తీసేశాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేర్లు అసలే పెట్టలేదు. ఇంట్లో అన్నదమ్ములిద్దర్నీ పెద్దోడు, చిన్నోడు అంటారు. నేనూ అలాగే రాస్తాను. ఆ పిలుపులతో తర్వాత పని పడింది కూడా.

నేను గుంటూరులో ఒక డీ అడిక్షన్ సెంటర్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని. 14 ఏళ్ళుగా ఇదే పని. మందులు డాక్టరుగారు చూసుకుంటారు. మాట్లాడటం, ఇంట్లోవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడం, డిశ్చార్జి అయ్యాక ఏం జరుగుతోందో కనుక్కోవడం నా వంతు. ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను. నేను క్రైస్తవురాలిని కాదు. మా ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెడతాం. చర్చి గురించి ఇక్కడ రాసిందంతా ఆ కుటుంబం దగ్గర, వాళ్ళ పాస్టరుగారి దగ్గర నేర్చుకున్నదే.

మొదటి రోజు

2023 జూలై చివర్లో నలుగురూ వచ్చారు. చిన్నోడికి 21. బీటెక్ మూడో ఏడు, 11 బ్యాక్‌లాగులు. తండ్రి మిర్చి యార్డులో గుమాస్తా, పని మధ్యలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ఆయన చొక్కాకి పట్టిన కారం ఘాటుకి చిన్న గదిలో అందరం వరసగా తుమ్మాం. చిన్నోడు కూడా తుమ్మి, ఒక్క క్షణం నవ్వాడు. ఆ రోజంతటికీ వాడి మొహంలో కనిపించిన నవ్వు అదొక్కటే. తల్లి ఇంట్లో కుట్టుపని చేస్తుంది. పెద్దోడికి సెల్ రిపేరు షాపు ఉంది. వాడు లోపల కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మాకు ముందు ఫోన్ చేసింది మాత్రం వాడే. అంతకుముందు మత్తు మానడానికి సాయం చేసే 14446 హెల్ప్‌లైనుకి కూడా చేశాడట. అది దేశమంతటా పనిచేసే ఉచిత నంబరు.

తండ్రి ముందుగా అడిగిన ప్రశ్న పోలీసుల గురించి. ఇక్కడ చేరిస్తే కేసు పెడతారా అని. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటో వైద్యానికి వస్తే, వాడినందుకూ చిన్న మొత్తం దగ్గర ఉన్నందుకూ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మినవాడికి ఇది వర్తించదు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి తెలియకే చాలా ఇళ్ళల్లో ఏడాదో రెండేళ్ళో గుట్టుగా నెట్టుకొస్తారు.

ఆయన చేతిలో ఇంకోచోట చేయించిన యూరిన్ రిపోర్టు ఉంది. గంజాయి పాజిటివ్, ఓపియేట్స్ (నల్లమందు నుంచి వచ్చేవి) నెగెటివ్. "గంజాయి ఒక్కటే మేడం, అదీ ఈమధ్య తగ్గించాడు" అన్నాడు. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లాడు రెండు నిమిషాలకోసారి ఆవలిస్తున్నాడు. ముక్కు కారుతోంది. ఫ్యాన్ కింద చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది గంజాయి మానితే వచ్చే వాలకం కాదు. గంజాయి మానినవాడికి చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం ఎక్కువ. ఇది నల్లమందు జాతి మందులు దిగుతున్నప్పటి లక్షణం.

ఆర్నెల్ల కిందట హాస్టల్ బాత్రూంలో ఫిట్స్ వచ్చాయని తల్లి చెప్పింది. స్కాన్ తీస్తే ఏమీ లేదన్నారట. ఫిట్స్ మాటతో మా డాక్టరుగారికి అనుమానం గట్టిపడింది. ట్రమడాల్ స్ట్రిప్ విడిగా తెప్పించి పరీక్ష చేశాం. పాజిటివ్. ట్రమడాల్ నల్లమందు జాతి నొప్పి మందు. ల్యాబులో కృత్రిమంగా తయారయ్యేది కాబట్టి మామూలు ఓపియేట్ స్ట్రిప్పుకి దొరకదు, మోతాదు పెరిగితే ఫిట్స్ తెప్పిస్తుంది. 2018 ఏప్రిల్లో కేంద్రం దీన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి తెచ్చింది. వీడు రోజుకి 50 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు ఎనిమిది నుంచి పది దాకా మింగుతున్నాడు. ఇంటర్ రెండో ఏడు హాస్టల్లో గంజాయితో మొదలై, బీటెక్ మొదటి ఏడాది పరీక్షల టెన్షన్లో మాత్రల దాకా వచ్చింది.

ప్రార్థన మందిరంలో 21 రోజులు

అంతకు నెల ముందు తల్లి వాణ్ణి వేరే జిల్లాలో ఒక ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళింది. ఎవరో స్వస్థత కూటంలో చెప్పారట. 21 రోజుల ఉపవాస ప్రార్థన. రెండో రోజు నుంచి వాడు ఒళ్ళంతా పీకేస్తోందని దొర్లడం, విరేచనాలు, అరుపులు. దయ్యం బయటికి రాలేక పెనుగులాడుతోందన్నారు. తల మీద చేతులుంచి ప్రార్థించారు. పారిపోబోతే కాలికి గొలుసు వేసి కిటికీ చువ్వకి కట్టారు. పదో రోజుకి వాడు లేచి కూర్చుని అన్నం అడిగాడు. దయ్యం వదిలిందన్నారు. ఆ తల్లి అక్కడే ఉన్న డబ్బంతా కానుకగా వేసింది. ఇంటికొచ్చిన మూడో రాత్రి వాడు మళ్ళీ వేసుకున్నాడు.

మాకు ఇలాంటి కేసులు ఏడాదికి కొన్నైనా వస్తాయి. ట్రమడాల్ లాంటివి ఆపితే శరీరం వారం పది రోజులు విలవిల్లాడి, దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. ఆ పది రోజులు ఎవరి దగ్గర గడిస్తే పేరు వాళ్ళకే దక్కుతుంది. శరీరం సర్దుకున్నాక మొదలయ్యేదే అసలు సంగతి, అది ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఇందులో మతం తేడా లేదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్ళు మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు దగ్గర కనబడటం మనందరికీ తెలిసిందే. ఆ 41 రోజుల నిష్ఠ అబద్ధం అని నేను అనను. 42వ రోజుకి ఏ ఏర్పాటూ లేదు, అంతే.

చిన్నోడి కుడి చీలమండ చుట్టూ గొలుసు ఒరిపిడి మచ్చ అప్పటికింకా మానలేదు. మానసిక వైద్యం పేరుతో గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. మత్తు అలవాటు వల్ల వచ్చే స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోవే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాని నమ్ముకుని వచ్చినవాళ్ళని ఉంచే ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. తల్లికి ఈ సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, చివరికి "నా విశ్వాసమే చాలలేదేమో అనుకున్నాను మేడం" అంది.

ఆ మాట నా నోట్‌బుక్కులో అలాగే రాసుకున్నాను. కొడుకు మళ్ళీ వాడినందుకు ఆమె తన భక్తిని అనుమానించుకుంది. దాన్ని పెంచుకోవడానికి ఇంకా ఉపవాసాలుండి, నీరసించి, కొడుకు అడిగినప్పుడల్లా ఎదురు చెప్పే ఓపిక లేక డబ్బులిచ్చేసింది. ఆమెని ప్రార్థన మానమని నేను చెప్పలేదు. చెప్పినా మానదు, మానాల్సిన అవసరమూ లేదు. ఉపవాసం మాత్రం తగ్గించి, పొద్దున టిఫిన్ తినమన్నాను.

మాత్ర

16 రోజులు లోపల ఉంచాం. ఆ భాగం గురించి పెద్దగా రాసేదేం లేదు. మందులు, సెలైన్లు, నిద్ర, ఆరో రోజు గోడ దూకే ప్రయత్నం, తొమ్మిదో రోజు ఇడ్లీలు బాలేవని గొడవ. ఇడ్లీల గొడవ వచ్చిందంటే మనిషి తేరుకుంటున్నట్టే. లివర్ టెస్టులు చేసి, ఒంట్లో ట్రమడాల్ ఏమీ లేదని రూఢి చేసుకున్నాక, చివరి రోజుల్లో డాక్టరుగారు నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టారు. రోజుకి ఒక 50 మిల్లీగ్రాముల మాత్ర. అది లోపల ఉన్నంతసేపు ట్రమడాల్ లాంటివి వేసుకున్నా ఆ మత్తు ఎక్కదు. కోరికని పూర్తిగా చంపదు. గంజాయికి పనిచేయదు. దాని బలమంతా రోజూ మింగడంలోనే ఉంది, బలహీనతా అక్కడే. అందుకే ఇంట్లో ఒక మనిషి దగ్గరుండి మింగించాలి.

వాళ్ళింట్లో ఆరున్నరకి కుటుంబ ప్రార్థన. ఒక పాట, వాక్యం, తండ్రి చిన్న ప్రార్థన. అది కాగానే మాత్ర ఇస్తానని తల్లి అంది. మంచి ఆలోచన అనిపించింది. రోజూ తప్పకుండా జరిగే పనికి మాత్రని ముడేస్తే మర్చిపోరు.

చర్చిలో కొందరికి ఇది నచ్చలేదు. దేవుడు బాగుచేశాక ఇంకా మాత్రలేంటి అన్నారు. వాళ్ళది లూథరన్ చర్చి. పాస్టరుగారిని అయ్యగారు అంటారు. అరవై దాటిన మనిషి. తల్లి భయం భయంగా ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన అంతా విని, జేబులోంచి తన షుగర్ మాత్రల షీటు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది పదేళ్ళ నుంచి వేసుకుంటున్నానమ్మా. నా విశ్వాసం మీద ఎవరూ కమిటీ వేయలేదు" అన్నాడు. ఆ ఆదివారం ప్రసంగంలో కూడా ఇదే చెప్పాడట. తర్వాత ఆ మాట మళ్ళీ రాలేదు.

డబ్బు

తండ్రి కొట్టేవాడు. తల్లి దాచేది. పెద్దోడు తీర్చేవాడు. ముగ్గురూ వేర్వేరు పనులు చేస్తున్నామనుకున్నారు కానీ, బయట నుంచి చూస్తే ఒకే బండి. తండ్రి బెల్టు తీసిన రాత్రి తల్లి మనసు కరిగి బియ్యం డబ్బాలోంచి 200 తీసి ఇచ్చేది. లోన్ యాప్ వాళ్ళు చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంటే పరువు పోతుందని పెద్దోడు 38,000 కట్టాడు. చర్చిలో రెండు కార్డ్‌లెస్ మైకులు మాయమైతే, ఎవరి పనో తెలిసి, ఎవరూ అడగకముందే కొత్తవి కొని పెట్టాడు.

అమెరికాలో రాబర్ట్ మేయర్స్ అనే సైకాలజిస్టు ఇంట్లోవాళ్ళ కోసం తయారుచేసిన క్రాఫ్ట్ అనే పద్ధతి ఒకటుంది. కొట్టడం, బతిమాలడం రెండూ పక్కన పెట్టి, మత్తులో లేని గంటల్ని బాగుండేలా చూడమంటుంది. మత్తు తెచ్చిన నష్టాన్ని మాత్రం వాడికే వదిలేయమంటుంది. మన ఇళ్ళకి దాన్ని కొంచెం మార్చుకోవాలి. "వాడి ఖర్మకి వాణ్ణి వదిలేయండి" అంటే మన తల్లి వినదు. కాబట్టి చేతికి నగదు ఇవ్వొద్దు, అన్నం ఎప్పుడూ ఆపొద్దు అన్నాను. బస్ పాస్ కొనివ్వండి. ఫోన్ రీఛార్జి పెద్దోడి షాపులోనే చేయించండి. మత్తులో ఉన్నప్పుడు వాదన వద్దు, పొద్దున మాట్లాడండి. తండ్రికి ఒకటే చెప్పాను, ఇక చెయ్యెత్తొద్దని. ఆయన "నేను మా నాన్న చేతిలో దెబ్బలు తినే బాగుపడ్డాను" అన్నాడు. "మీరు ట్రమడాల్ వేసుకోలేదు కదండీ" అన్నాను. కాస్త దురుసుగానే అన్నానేమో. ఆయనేం అనుకోలేదు.

సాక్ష్యం

ఇక్కడ తప్పు నాది కూడా.

డిశ్చార్జి అయిన ఆరు వారాలకి వాళ్ళ పేటలో ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని రగిలించే ప్రత్యేక సభలు, జరిగాయి. చిన్నోడి చేత సాక్ష్యం చెప్పిస్తామని యూత్‌వాళ్ళు అన్నారు. నన్ను అడిగితే సంతోషించాను. నలుగురిలో చెబితే మాట మీద నిలబడతాడనుకున్నాను. ఫైల్లో "మంచి పరిణామం" అని రాశాను, ఆ అక్షరాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాడు స్టేజీ ఎక్కి, నేను చీకట్లో ఉన్నాను, ప్రభువు నన్ను విడిపించాడు, ఇక ఆ జోలికి పోను అని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు ఏడ్చారు. ఎవరో వీడియో తీసి స్టేటస్‌లో పెట్టారు. రెండు రోజుల్లో అది కాలేజీ గ్రూపులకి చేరింది. పాత స్నేహితుడొకడు "ఏరా, పాస్టరువైపోయావంట" అని ఫోన్ చేశాడు.

ఆ తర్వాత వాడి మీద పడిన బరువు మాకెవరికీ కనిపించలేదు. కోరిక పుడితే ఎవరికి చెబుతాడు? విడుదల పొందానని మైకులో చెప్పినవాడికి ఇంకా కోరిక ఉందని ఎలా ఒప్పుకుంటాడు? నా దగ్గరికి వచ్చి కూడా "అంతా బాగుంది మేడం" అన్నాడు. నేను నమ్మాను.

పది రోజులు తిరక్కుండానే ఒక రాత్రి మేడ మీద గదిలో పడి ఉన్నాడు. పెదాలు నీలంగా, ఊపిరి ఎప్పుడో ఒకసారి. పెద్దోడు భుజాన వేసుకుని దింపి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వాడు వేసుకున్నది మానకముందు రోజూ వేసుకున్నంతే. కానీ రెండు నెలలు మానిన ఒంటికి పాత అలవాటు పోయి ఉంటుంది, పాత మోతాదే ప్రాణం మీదకి తెస్తుంది. కొన్నాళ్ళు మానిన మనిషికి అందరికంటే ఎక్కువ ప్రమాదం ఇదే. డిశ్చార్జి రోజు ఈ మాట మేం రెండుసార్లు చెబుతాం. ఇప్పుడు నేను మూడోసారి కూడా చెబుతున్నాను.

నాల్ట్రెక్సోన్ ఉండగా ఇదెలా జరిగిందో మర్నాడు తెలిసింది. ఆసుపత్రి నుంచి తెల్లవారాక ఇంటికొచ్చిన తల్లి, ఏం చేయాలో తోచక మొక్కలకి నీళ్ళు పోసింది. గుమ్మం పక్క కనకాంబరం కుండీలో మట్టి కరిగి, సగం నానిన మాత్రలు నాలుగు తేలాయి. ప్రార్థన అవగానే తల్లి ఇచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకుని, గుమ్మం దాటి కుండీలో ఊసేవాడు.

మళ్ళీ 12 రోజులు మా దగ్గరే ఉంచాం. ఈసారి చర్చి మాటెత్తితే మొహం తిప్పుకునేవాడు. "దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేశాను మేడం, ఇంక ఆ గుమ్మం ఎక్కను" అన్నాడు. మామూలుగా మళ్ళీ వాడితే సిగ్గు ఇంటివరకే. వీడికి సిగ్గు పేట మొత్తం మీద పరుచుకుంది.

అయ్యగారు వచ్చారు. బోధ చేస్తారేమోనని నేను గదిలోనే ఉన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, "స్టేజీ ఎక్కించింది మేము. పొరపాటు నీది కాదు, మాది" అన్నాడు. వీడియో తీసేయించానని, ఏడాది దాకా ఎవరూ వీణ్ణి సాక్ష్యం అడగకూడదని యూత్‌కి చెప్పానని అన్నాడు. తర్వాత ఒక పని అప్పజెప్పాడు. చర్చి సౌండ్ సిస్టం చెడిపోతోంది, వైర్లు చుట్టేవాడు లేడు, శనివారం సాయంత్రాలు వచ్చి చూస్తావా అని. మైకులు ఎత్తుకుపోయినవాడికి మైకుల పెట్టె తాళం. ఇది నాకు తట్టే ఆలోచన కాదు. అడిగితే నేను వద్దనే అనేదాన్ని.

శనివారం అని ఆయన ఊరికే అనలేదు. చిన్నోడి చేత కోరికల పుస్తకం ఒకటి రాయించేదాన్ని. ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరు, పదికి ఎంత. అందులో ఎక్కువ మార్కులన్నీ శనివారం ఐదు నుంచి ఎనిమిది మధ్యే. వాడి అనుమతితో ఆ విషయం అయ్యగారికి చెప్పాను. ఆయన ఆ మూడు గంటల్నీ పనితో నింపేశాడు. చాపలు పరచడం, స్పీకర్లు మోయడం, వైర్లు చుట్టడం, ఆదివారం పాటలకి లెవెల్స్ పెట్టుకోవడం. అవి పూర్తయ్యేసరికి పాస్టరమ్మగారు పెట్టే టీ, రెండు రస్కులు.

ఆరున్నర ప్రార్థన

రెండోసారి ఇంటికెళ్ళేముందు మాత్ర సంగతి తేల్చాలి. పొడిచేసి నీళ్ళలో కలిపి ఇమ్మని డాక్టరుగారు చెప్పారు. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూడమని నేనన్నాను. తల్లికి అది నచ్చలేదు. "దొంగని సోదా చేసినట్టు రోజూ నా కొడుకు నోరు చూడలేను" అంది.

నెల తర్వాత అడిగితే ఆమె చేస్తున్న పద్ధతి చెప్పింది. ప్రార్థన వరస తిరగేసింది. ముందు పాట, తర్వాత చిన్నోడు మాత్ర మింగి నీళ్ళు తాగాలి, ఆ తర్వాత ఆ రోజు వాక్యం వాడే గట్టిగా చదవాలి. కనీసం పదిహేను వచనాలు. నోట్లో మాత్ర పెట్టుకుని ఎవరూ అంతసేపు గట్టిగా చదవలేరు. పైగా ఆ మాత్ర చేదు, కరగడం మొదలైతే మొహంలో తెలిసిపోతుంది. సోదా చేసినట్టూ ఉండదు, మాత్రా లోపలికి పోతుంది. 14 ఏళ్ళ సర్వీసులో ఇలాంటి ఉపాయం నాకు ఏ ట్రైనింగులోనూ దొరకలేదు. డాక్టరుగారికి చెబితే పెద్దగా నవ్వి, ఇంకో ఇద్దరు పేషెంట్లకి న్యూస్‌పేపర్ చదివించమన్నారు.

"నువ్వు ప్రార్థన చేస్తే ఏమవుతుంది?" అని చిన్నోణ్ణి ఒకసారి సూటిగానే అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పాడు. "కోరిక పోదు మేడం. కానీ ఒక పావుగంట నా మాట వినేవాళ్ళున్నట్టు ఉంటుంది. ఈలోపు అది తగ్గుతుంది." కోరిక అల లాంటిదని, చాలావరకు పావుగంట, అరగంటలో దిగిపోతుందని మేం కౌన్సెలింగ్‌లో చెబుతాం. నా ఫైల్లో దీన్ని ఆ లెక్కలోనే రాసుకున్నాను. వాడి లెక్క వేరు. రెంటినీ ఒకటి చేయాలని నేను ప్రయత్నించలేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానేవాళ్ళ సంఘం కూడా ఒక క్రైస్తవ ఉద్యమం ఒడిలోంచే వచ్చింది. అయినా తాగుడు మానడానికి తాము పెట్టుకున్న మెట్లలో దేవుడి మాట దగ్గర, ఎవరికి అర్థమైనట్టుగా వాళ్ళు అనుకోవచ్చని వదిలేశారు. అది తెలివైన పని.

పెద్దోడు

ఈ కేసులో నేను ఆలస్యంగా చూసిన మనిషి పెద్దోడు. నాలుగు నెలలుగా అన్నిటికీ వస్తున్నాడు, దేనికీ కూర్చోడు. నవంబరులో ఒక ఫ్యామిలీ సెషన్‌కి అయ్యగారిని కూడా పిలిచాం. మాటల మధ్యలో తండ్రి, తప్పిపోయిన కుమారుడి కథలోలాగా మా చిన్నోడు తిరిగొచ్చాడు అన్నాడు. బైబిల్లోని ఆ కథలో, ఆస్తి పాడుచేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తాడు, ఇంటిపట్టునే ఉన్న పెద్దకొడుకు అలిగి లోపలికి రాడు. గుమ్మం దగ్గర్నుంచి పెద్దోడు "అవును, వాడికి విందు. నాకేమో బిల్లు" అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అయ్యగారు మెల్లగా అడిగారు. "ఆ కథలో పెద్దోడు చివరికి ఇంట్లోకి వచ్చాడా రా?" పెద్దోడు ఆలోచించాడు. రాలేదనుకుంటా అన్నాడు. కథలో అది లేదట. లూకా సువార్త 15వ అధ్యాయంలో తండ్రి బయటికొచ్చి పెద్దకొడుకుని బతిమాలడం దగ్గరే కథ ఆగిపోతుంది. అయ్యగారు తండ్రి వైపు తిరిగి, "ఆ తండ్రి చిన్నోడికి ఎదురు పరిగెత్తాడు, పెద్దోడి కోసం కూడా బయటికొచ్చాడు. మీరు ఒకటే చేశారు" అన్నాడు.

చిన్నోడి బీటెక్ ఫీజు కోసం పెద్దోడు డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాడన్న సంగతి ఆ రోజే బయటికొచ్చింది. ఆ ఫీజులో కొంత మాత్రలకి పోయింది. తండ్రి సెషన్లో ఏమీ అనలేదు. ఆ సాయంత్రం యార్డు నుంచి నేరుగా పెద్దోడి షాపుకి వెళ్ళి, కస్టమర్లు వెళ్ళేదాకా స్టూలు మీద కూర్చుని, తప్పు చేశానని చెప్పాడట. ఎలా చెప్పాడో నాకు తెలియదు. తర్వాతి సెషన్‌కి పెద్దోడు కుర్చీలో కూర్చున్నాడు. మైకుల డబ్బు, యాప్ డబ్బు చిన్నోడే తనకి తిరిగివ్వాలన్నాడు. ఇన్నాళ్ళూ తీర్చినవాడు ఇప్పుడు తిరిగి అడుగుతున్నాడు. కేసు మలుపు తిరిగింది ఇక్కడే అని నా అభిప్రాయం.

తర్వాత

2024 మార్చిలో కాలేజీ ఫేర్‌వెల్ రాత్రి గంజాయి తాగాడు. మర్నాడు పొద్దున్నే వాడే పెద్దోడి షాపుకి వెళ్ళి చెప్పాడు. పెద్దోడు షట్టర్ దించి బండి మీద మా దగ్గరికి తీసుకొచ్చాడు. దాచింది లేదు, ఏడుపులు లేవు. మళ్ళీ వాడటం ఒక్కటే చూస్తే అది ఫెయిలే. 12 గంటల్లో తనంతట తాను చెప్పడం కూడా చూస్తే, మొదటి ఏడాదిలో నేను చూసిన అతి మంచి రోజు అదే.

నాల్ట్రెక్సోన్ 14 నెలలు వాడి, డాక్టరుగారు ఆపారు. సిగరెట్లు ఇంకా మానలేదు. రెండు బ్యాక్‌లాగులు మిగిలాయి. సౌండ్, లైటింగ్ అద్దెకిచ్చే షాపులో పనిచేస్తున్నాడు, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రిళ్ళు ఉండాలి కాబట్టి నాకు కాస్త భయమే. ఆ రాత్రులు పెద్దోడితో ఫోన్లో మాట్లాడాలని వాళ్ళిద్దరూ అనుకున్నారు. అన్నకి నెలకి 2,000 ఇస్తున్నాడు.

ఏడాది గడిచాక అయ్యగారు సాక్ష్యం చెబుతావా అని అడిగారట. వద్దన్నాడు. దానికి బదులు సంఘం కమిటీ ముందు నిలబడి, మైకులు తీసింది నేనే, ఎంతకి అమ్మానో ఇదీ అని చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు లేవు. ఒక పెద్దాయన కోప్పడ్డాడు కూడా.

ఇదొక్కటి చూసి అందరినీ చర్చికి పంపమని నేను చెప్పను. ఈ ఇంట్లో విశ్వాసం ముందే ఉంది, నేను బయట నుంచి తెచ్చింది కాదు. అయ్యగారు మాత్రల్ని కాదని ఉంటే, లేదా రెండోసారి కూడా స్టేజీ ఎక్కించి ఉంటే, ఇదే విశ్వాసం వాణ్ణి చంపి ఉండేది. అలాంటి కేసులూ నా దగ్గర ఉన్నాయి.

పోయిన నెల ఫాలోఅప్‌కి తల్లి ఒక్కతే వచ్చింది. మాత్ర ఆపేశాక కూడా ఆరున్నరకి వాక్యం చదవడం నడుస్తోందా అని అడిగాను. నడుస్తోందట, కాకపోతే చదివే మనిషి మారాడట. తండ్రికి ఈమధ్య బీపీ పట్టుకుంది. మాత్ర వేసుకున్నానని చెప్పి యార్డుకి వెళ్ళిపోతాడు, వేసుకోడు. చిన్నోడు ఆయన ఎదురుగా కూర్చుని, మాత్ర మింగించి, బైబిలు చేతికిచ్చి "చదువు నాన్నా, గట్టిగా" అంటున్నాడట.